బ్లూ గ్రీన్ (నీలి ఆకుపచ్చ నాచు) పట్టిన చెరువులో ప్రోబయోటిక్ వేస్తే తగ్గుతుందా, పెరుగుతుందా?

గట్టుమీద_గొడుగు
ఆకివీడు దగ్గర ఎనిమిది ఎకరాల చెరువు. శీలావతి, బొచ్చె కలిపి వేశాం. కొన్నాళ్లుగా బ్లూ గ్రీన్ పట్టేసింది. తెల్లారేసరికి గాలి కొట్టే మూలన అంగుళం మందాన తెట్టు కడుతోంది. చేత్తో తీస్తే రవ్వంత గింజలు తగులుతున్నాయి. గట్టు రాళ్ల మీద ఎండిన చోట నీలం మరక పడుతోంది. మందుల కొట్టులో అడిగితే ప్రోబయోటిక్ ఇచ్చి, "ఇందులో బాక్టీరియా బ్లూ గ్రీన్‌ని తినేస్తుంది, బెల్లం కలిపి పులియబెట్టి కొట్టండి" అన్నారు. కొట్టాం. మొదట కాస్త తేటపడింది, తర్వాత ముందుకంటే చిక్కగా వచ్చింది. ఇప్పుడేమో డోసు రెట్టింపు చేయమంటున్నారు. నిజంగా తింటుందా, లేక మనమే దానికి మేత వేస్తున్నామా? తెలిసినవాళ్లు చెప్పండి. బిల్లు చూస్తే నిద్ర పట్టట్లేదు.

బొచ్చెరాజు
మాకూ ఇదే వరస. ఎండలు ముదిరాయంటే చాలు, వచ్చేస్తుంది. ఒక మబ్బు రోజు వచ్చిందంటే రాత్రంతా టెన్షన్.

మందుల_కొట్టు_మామ
కొట్టు వాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. ప్యాకెట్ మీద రాసినట్టు వాడకుండా, ఏరేటర్ ఆపేసి, మేత తగ్గించకుండా వేస్తే ఏ మందైనా పనిచేయదు. ప్యాకెట్లో ఉండే బాసిల్లస్ అనే బాక్టీరియా అడుగు మురికిని కుళ్లబెట్టి పోషకాలు లాగేస్తుంది, బ్లూ గ్రీన్‌కి తిండి దొరక్క తగ్గుతుంది. ఇది కంపెనీ వాళ్లు చెప్పేదే కాదు, నేను కళ్లారా చూసింది.

పులస_పిచ్చి
మామ వచ్చేశాడు. ఇక డిస్కౌంట్ అడగండి.

సూక్ష్మంలో_మోక్షం
"తింటుంది" అన్న మాట దగ్గరే తేడా ఉంది. బ్లూ గ్రీన్ కూడా బాక్టీరియానే, సయనోబాక్టీరియా. ఎండతో తన తిండి తానే తయారు చేసుకునే రకం. గొడుగు గారు చెప్పిన గింజలు, తెట్టు, నీలం మరక చూస్తే మైక్రోసిస్టిస్ అనిపిస్తోంది. ఆ గింజ ఒక్క కణం కాదు, వందలూ వేలూ కణాలు ఒకే జిగురులో ఇరుక్కుని ఉన్న గుంపు. కణాల్లో గాలి తిత్తులుంటాయి కాబట్టి పైకి తేలుతుంది.

ఇక అసలు సంగతి. ఆ జిగురులో వేరే బాక్టీరియా ముందునుంచే కాపురం ఉంటాయి. మైక్రోసిస్టిస్ పగలు తయారు చేసుకున్న చక్కెరల్లో కొంత బయటికి కారుస్తుంది. ఆ జిగురు కూడా చాలావరకు చక్కెరల గొలుసే. ఈ బాక్టీరియా దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మిట్టమధ్యాహ్నం పీహెచ్ 9 దాటాక నీళ్లలో విడిగా కార్బన్ డయాక్సైడ్ మిగలదు, అప్పుడు పక్కనే పుట్టే ఆ కాస్తా సయనోకి అక్కరకొస్తుంది. చచ్చిన కణాల్లోంచి నత్రజని, భాస్వరం విడదీసి మళ్లీ దానికే అందిస్తాయి. కొన్ని బి12 ఇస్తాయి. ఎండ ముదిరి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడితే, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కూడా వీటి దగ్గర ఉంటుంది. ల్యాబ్‌లో వేరే బాక్టీరియా ఏదీ లేకుండా మైక్రోసిస్టిస్‌ని పెంచితే చాలాసార్లు గుంపు కట్టడం మానేసి విడి కణాలుగానే బతుకుతుంది.

సయనోని చంపే బాక్టీరియా కూడా లేకపోలేదు. లైసోబాక్టర్, కొన్ని బాసిల్లస్ రకాలు గాజు సీసాలో దాన్ని కరిగించేస్తాయి. సీసాలో. చెరువులో కథ వేరు.

లెక్కల_తిక్క
చెరువులో కథ ఎందుకు వేరో నేను లెక్క కడతాను. ఎకరం చెరువులో ఐదడుగుల నీళ్లంటే సుమారు 60 లక్షల లీటర్లు. ప్యాకెట్ అర కిలో, గ్రాముకి 500 కోట్ల బాక్టీరియా అని రాసి ఉందనుకోండి. రాసినవన్నీ బతికే ఉన్నాయని కూడా నమ్ముదాం. మొత్తం చెరువులో కలిపితే మిల్లీలీటరుకి 400 చిల్లర వస్తాయి. మామూలు చెరువు నీళ్లలో ముందునుంచే మిల్లీలీటరుకి 10 లక్షల పైన బాక్టీరియా ఉంటాయి. పది లక్షల మంది జాతరలోకి నాలుగొందల మందిని పంపి ఊరు మార్చేస్తామంటే ఎలాగండి?

మందుల_కొట్టు_మామ
అందుకే కదా బెల్లంతో పులియబెట్టమనేది! అవి పెరుగుతాయి.

లెక్కల_తిక్క
ఎకరానికి 200 లీటర్ల డ్రమ్ము. లోపల బాగా పెరిగి మిల్లీలీటరుకి 10 కోట్లు అయ్యాయనుకున్నా, చెరువులో కలిశాక మిల్లీలీటరుకి 3 వేల చిల్లరే. పైగా డ్రమ్ములో పెరిగింది ప్యాకెట్లోదో, బెల్లం మీద వాలిన ఈగ కాలిదో ఎవరికి తెలుసు.

పులస_పిచ్చి
ఈగ కాలి ప్రోబయోటిక్. మామా, బ్రాండ్ రిజిస్టర్ చేయించు.

కౌలు_కష్టాలు
మరి గొడుగు గారి చెరువు మొదట ఎందుకు తేటపడినట్టు? అది కూడా చెప్పాలి కదా.

సూక్ష్మంలో_మోక్షం
కారణాలు రెండు మూడు ఉండొచ్చు. బెల్లం అంటే బాక్టీరియాకి తేలిగ్గా దొరికే కార్బన్. అది పడగానే చెరువులో ఉన్న బాక్టీరియా అన్నీ, ప్యాకెట్లోవే కాదు, ఒక్కసారిగా పెరుగుతాయి. పెరగడానికి నీళ్లలోని అమ్మోనియా లాగేసుకుంటాయి. బాక్టీరియాని పెంచి నీళ్లు శుభ్రం చేసుకునే బయోఫ్లాక్ చెరువులు నడిచేది ఈ సూత్రం మీదే. అప్పుడు నాచుకి నత్రజని కొంచెం తగ్గుతుంది. కానీ ఆ బాక్టీరియా చచ్చినా, వాటిని ఇంకేదైనా తిన్నా, ఆ నత్రజని తిరిగి నీళ్లలోకే వస్తుంది. చెరువులోంచి బయటికి పోయింది ఏమీ లేదు. భాస్వరం అయితే అసలే పోదు. మైక్రోసిస్టిస్ దొరికినప్పుడే భాస్వరం లోపల దాచుకుంటుంది, కరువొస్తే అది తీసి వాడుకుంటుంది.

రెండోది, గాలి. తెట్టు గాలివాటం మారితే అవతలి గట్టుకి పోతుంది, లేదా కిందికి కలుస్తుంది. మనం తగ్గిందనుకుంటాం. మూడోది, బెల్లం వేసిన రాత్రి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎంత ఉందో చూశారా గొడుగు గారూ?

గట్టుమీద_గొడుగు
మీటరు లేదండి. కానీ ఆ తెల్లవారుజామున చేపలు కొన్ని పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. రెండు ఏరేటర్లు వేశాం, సర్దుకున్నాయి.

పాత_తూము
అదిగో. పెరిగిన ప్రతి బాక్టీరియా ఊపిరి పీలుస్తుంది బాబూ. రాత్రి నాచూ పీలుస్తుంది, చేపా పీలుస్తుంది, అడుగు బురదా పీలుస్తుంది. నువ్వు పైనుంచి బెల్లం పోశావు. చేపలు తేలకేం చేస్తాయి.

మా పక్క చెరువాయన బ్లూ గ్రీన్ మీద కోపంతో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొట్టించాడు. సాయంత్రానికి నీళ్లు గోధుమరంగు తిరిగాయి, ఆయన సంబరపడ్డాడు. మర్నాడు తెల్లారేసరికి గట్టు చుట్టూ తెల్ల పొట్టలే. లోడు ఎత్తాల్సిన సరుకు గొయ్యి తీసి పూడ్చారు. మైలుతుత్తం నాచుని చంపింది, ఆ శవాన్ని కుళ్లబెట్టిన బాక్టీరియా చెరువులో గాలంతా తాగేసింది. చేప విషంతో చావలేదు, ఊపిరాడక చచ్చింది. దానికి తోడు అమ్మోనియా.

సూక్ష్మంలో_మోక్షం
పాత తూము గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఒక్క ముక్క కలుపుతాను. మైలుతుత్తం డోసు నీళ్ల ఆల్కలినిటీని (క్షారం మోతాదు, లీటరుకి మిల్లీగ్రాముల్లో) బట్టి కట్టాలి. లెక్క ఏమిటంటే, ఆల్కలినిటీ 150 ఉంటే లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, అంటే వందో వంతు. ఆల్కలినిటీ బాగా తక్కువున్న నీళ్లలో రాగి చేపకే విషం. డోసు సరిగ్గా కట్టినా చిక్కగా పట్టిన చెరువు మొత్తానికి ఒకేసారి కొడితే ఆయన చెప్పిందే జరుగుతుంది. అమ్మోనియా సంగతి కూడా చూడండి. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో 7, 8 శాతమే విషపు రూపంలో ఉంటుంది. పీహెచ్ 9 అయితే 45 శాతం దాకా. నాచు పట్టిన చెరువులో పీహెచ్ పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. కాబట్టి సాయంత్రం పూట పరీక్ష చేయకుండా "అమ్మోనియా తక్కువే" అనుకోకండి.

బొచ్చెరాజు
ఇన్నాళ్లూ పొద్దున్నే చేయిస్తున్నా టెస్టు. ల్యాబ్ కుర్రాడు పొద్దున్నే వస్తాడు మరి.

మందుల_కొట్టు_మామ
మైలుతుత్తం మేమూ వద్దంటాం. కానీ ప్రోబయోటిక్ అసలు దండగ అంటే ఒప్పుకోను. ఇన్ని వేల ఎకరాల్లో వాడుతున్నారు, అందరూ తెలివి తక్కువ వాళ్లేనా?

లెక్కల_తిక్క
అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయం క్లాడ్ బాయిడ్ అని చెరువు నీళ్ల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. అక్కడ క్యాట్‌ఫిష్ చెరువుల్లో ఇలాంటి బాక్టీరియా మందులు వేసి, వేయని చెరువులతో పోల్చి చూశారు. నీటి గుణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన దగ్గర వేయని చెరువు ఎవరు ఉంచుతున్నారు? అందరూ వేసేవాళ్లే. ఇక పోల్చడానికి ఏముంది?

మందుల_కొట్టు_మామ
నేనూ చదువుకున్నాను తిక్క గారూ. 1998లో అదే బాయిడ్ గారి పేరుతో వచ్చిన పేపర్లో, నీళ్లలో తేడా లేకపోయినా బాక్టీరియా వేసిన చెరువుల్లో చేప ఎక్కువ బతికింది, దిగుబడీ ఎక్కువొచ్చింది అని ఉంది. అది వదిలేసి మిగతాది చెప్తారేం?

లెక్కల_తిక్క
ఇది కరెక్ట్ పాయింటే. ఎందుకు ఎక్కువ బతికాయో మాత్రం నీటి లెక్కల్లో కనపడలేదు. ఏదైనా అది "బ్లూ గ్రీన్‌ని తినేస్తుంది" అనడానికి సాక్ష్యం కాదు మామా.

ఓహియో_ఉప్మా
చేపల గొడవ నాకు తెలియదు కానీ ఈ మైక్రోసిస్టిస్ పేరు వినగానే ఒళ్లు జలదరించింది. 2014 ఆగస్టులో అమెరికాలో టొలెడోలో ఉన్నాం. ఈరీ సరస్సులో ఇది పట్టి, మునిసిపల్ నీళ్లలోకి విషం వచ్చిందని శనివారం తెల్లవారుజామున కబురు. సుమారు 4 లక్షల మందికి కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. కాచినా పనికిరావు, కాస్తే విషం పోదు సరికదా నీళ్లు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది అన్నారు. మా అమ్మ అప్పుడే ఇండియా నుంచి వచ్చింది. "కాచి చల్లార్చి తాగితే ఏ రోగమూ రాదు" అని జీవితమంతా నమ్మిన మనిషికి ఇది అర్థం చేయించడం నా వల్ల కాలేదు. షాపుల్లో నీళ్ల సీసాలు ఖాళీ. సోమవారానికి ఎత్తేశారు.

కౌలు_కష్టాలు
అమ్మో. మరి మా చెరువుల్లోనూ ఆ విషం ఉంటుందా?

సూక్ష్మంలో_మోక్షం
మైక్రోసిస్టిస్‌లో విషం చేసే రకాలూ ఉన్నాయి, చేయనివీ ఉన్నాయి. కంటికి రెండూ ఒకటే, పరీక్ష చేస్తే తప్ప తెలియదు. విషం పేరు మైక్రోసిస్టిన్, దెబ్బ కాలేయం మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి, రోజూ తాగేదయితే, లీటరుకి 1 మైక్రోగ్రాము అని హద్దు పెట్టింది. కణం బతికున్నంతసేపూ విషం చాలావరకు లోపలే ఉంటుంది, కణం పగిలితే నీళ్లలోకి వస్తుంది. మైలుతుత్తం వద్దనడానికి ఇది ఇంకో కారణం.

బాక్టీరియా నిజంగా మనకి సాయం చేసే చోటు కూడా ఇదే. మైక్రోసిస్టిన్ ఏడు అమైనో ఆమ్లాల గుండ్రటి గొలుసు. గుండ్రంగా ఉండటం వల్లే వేడికి, మామూలు ఎంజైములకి లొంగదు. 1990ల్లో ఆస్ట్రేలియాలో స్ఫింగోమోనాస్ రకం బాక్టీరియా ఒకటి దొరికింది. దాని ఎంజైమ్ ఆ గొలుసుని ఒక్కచోట తెంపుతుంది. తెగిన గొలుసు విషం 160 రెట్లు తక్కువ. ఆ తర్వాత ఇలాంటివి చాలా దేశాల నీళ్లలో దొరికాయి. ఎవరూ పొడి చల్లకుండానే, బ్లూ గ్రీన్ ఎక్కువగా పట్టే నీళ్లలో అవి వాటంతటవే పెరుగుతాయి. అంటే అవి నాచుని తినవు, నాచు వదిలిన విషాన్ని తింటాయి. కాస్త టైమ్ పడుతుంది, రోజుల నుంచి వారాల దాకా.

బొచ్చెరాజు
చేప తినొచ్చా తినకూడదా, అది చెప్పండి ముందు. మా ఇంట్లో ఇవాళ పులుసు.

సూక్ష్మంలో_మోక్షం
విషం ఎక్కువగా చేరేది కాలేయం, పేగుల్లో. కండలో చాలా తక్కువ. పొట్ట శుభ్రంగా తీసేసి బాగా కడిగితే ఆ భాగం పోయినట్టే. బాగా తెట్టు కట్టి ఉన్న రోజుల్లో పట్టుబడి పెట్టుకోకపోవడం మంచిది. గేదెల్ని మాత్రం ఆ మూలకి పోనివ్వకండి. 1878లోనే ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు తెట్టు తాగి పశువులు చచ్చిన సంగతి నేచర్ పత్రికలో వచ్చింది.

పులస_పిచ్చి
విషం సంగతి సరే. చెరువు చేపకి మట్టి వాసన వస్తుంది చూడండి, అది కూడా దీని పనేనా? మా ఆవిడ చింతపండు ఎంత పోసినా పోదు.

సూక్ష్మంలో_మోక్షం
దీని పని కాదు, దీని చుట్టాల పని. జియోస్మిన్ అనే పదార్థం. అనబీనా, ఆసిలటోరియా లాంటి సయనోలు చేస్తాయి, మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా కూడా చేస్తాయి. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టి వాసన కూడా ఎక్కువగా ఈ జియోస్మినే. లీటరు నీళ్లలో గ్రాములో వంద కోట్లో వంతులు ఓ పది ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. చేప మొప్పల గుండా కొవ్వులోకి ఎక్కుతుంది. పట్టే ముందు కొన్నాళ్లు శుభ్రమైన పారే నీళ్లలో ఉంచితే దిగిపోతుంది.

పులస_పిచ్చి
తొలకరి వాసన మీద పాటలు రాశారు, చేపలో వస్తే తిట్టుకుంటున్నాం. పాపం బాక్టీరియా.

వరిచేను
ఒక డౌటు. వ్యవసాయ శాఖ వాళ్లు మాకు వరిలో నీలి ఆకుపచ్చ నాచు చల్లమని చెప్పేవారు, యూరియా ఆదా అని. అజొల్లా కూడా. ఇక్కడేమో అందరూ అదే నాచుని తిడుతున్నారు!

సూక్ష్మంలో_మోక్షం
అదే కుటుంబం, వేరే మనుషులు. వరిలో వేసేవి గాలిలోని నత్రజనిని పట్టే రకాలు. వరి చేలల్లో నత్రజని ఇవి తెస్తున్నాయని పి.కె. డే 1939లోనే చూపించారు. అజొల్లా ఆకు సందుల్లో ఉండేది కూడా అలాంటి సయనోనే. మైక్రోసిస్టిస్‌కి ఆ విద్య రాదు, నీళ్లలో దొరికేదే తినాలి. అందుకే చెరువులో నత్రజనిని మాత్రమే తగ్గించి భాస్వరం వదిలేస్తే, మైక్రోసిస్టిస్ పోయి అనబీనా వచ్చి కూర్చునే వీలుంది.

గట్టుమీద_గొడుగు
అందరి మాటా విన్నాను. డోసు రెట్టింపు చేయను, సరే. మరి ఏం చేయాలి? చేతులు కట్టుకుని కూర్చోలేను కదండి, చేప ముప్పాతిక కిలో ఉంది.

పాత_తూము
ముందు కోళ్ల ఎరువు, సూపరు (సూపర్ ఫాస్ఫేట్) ఆపు. నీళ్ల రంగు ఇంత చిక్కగా ఉంటే ఎరువెందుకు? తవుడు సంచుల్లో సాయంత్రానికి మేత మిగులుతుంటే సంచులు తగ్గించు. మిగిలిన మేతంతా అడుగున చేరి కుళ్లుతుంది. రాత్రి పది నుంచి పొద్దెక్కేదాకా ఏరేటర్లు ఆపొద్దు. తెట్టు కట్టిన మూలన పొద్దున్నే, గాలి మారక ముందే, పాత చీరో దోమతెరో పట్టి లాగి గట్టు మీదికి ఎత్తించు. ఎత్తిన ప్రతి బుట్టా నీ చెరువులోంచి పోయిన ఎరువే.

సూక్ష్మంలో_మోక్షం
ఇంతకంటే నేను చెప్పేది లేదు. అడుగు సంగతి ఒక్కటి. బురదలో ఆక్సిజన్ అయిపోతే అక్కడి బాక్టీరియా ఇనుముని వాడుకుంటాయి, ఇనుము పట్టి ఉంచిన భాస్వరం విడుదలై పైకి వస్తుంది. అంటే ఎరువు ఆపాక కూడా కొన్నాళ్లు అడుగు నుంచి మేత అందుతూనే ఉంటుంది. వెంటనే తగ్గలేదని కంగారుపడి ఇంకేదో కొట్టకండి. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, నల్ల బురద ఎత్తించండి.

ఇంకోటి, అసలు అది మైక్రోసిస్టిసో కాదో చూసుకోండి. తెల్ల సీసాలో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైన మెడ దగ్గర ఆకుపచ్చ వలయం కడితే సయనో. అడుగుకి దిగితే మామూలు పచ్చ నాచు, దాంతో పేచీ లేదు. దగ్గర్లో కాలేజీ మైక్రోస్కోప్ ఉంటే స్లైడ్ మీద డ్రాయింగ్‌కి వాడే నల్ల ఇండియా ఇంకు చుక్క కలిపి చూడండి. ఇంకు జిగురులోకి పోదు. నల్లటి తెర మధ్య తెల్లటి మేఘం, దాని లోపల ఆకుపచ్చ బంతులు కనపడతాయి. పెద్ద లెన్సు పెడితే ఆ తెల్ల మేఘంలో చిన్న చిన్న చుక్కలు. అవే నేను మొదట చెప్పిన కాపురం ఉండే బాక్టీరియా.

బొచ్చెరాజు
సిల్వర్ కార్ప్ వేస్తే నాచు తినేస్తుందంటారు కదా?

లెక్కల_తిక్క
చైనాలో వూహాన్ దగ్గర డొంగ్‌హూ సరస్సులో సిల్వర్, బిగ్‌హెడ్ కార్ప్ చేపలు బాగా వేశాక 1985 నుంచి మైక్రోసిస్టిస్ తెట్టు కనపడకుండా పోయిందని ప్రసిద్ధి. కానీ అది పెద్ద సరస్సు, చేప సాంద్రత వేరు. పైగా జిగురు వల్ల కొన్ని గుంపులు చేప పేగులోంచి బతికే బయటికి వస్తాయి.

బొచ్చెరాజు
వేస్తే మా బొచ్చె తిండికి పోటీ. రేటు చూస్తే సిల్వర్‌కి మార్కెట్లో మొహం చూసేవాడు లేడు. వద్దులెండి.

గట్టుమీద_గొడుగు
సీసా పెట్టి చూశాను. మెడ దగ్గర వేలెడు వలయం, కింద నీళ్లు తేటగా ఉన్నాయి. సయనోనే. ఎరువు ఆపేశాం. రేపు తూము తీసి పై నీళ్లు కొంత కాలవలోకి వదిలేసి కొత్త నీళ్లు పెడదామనుకుంటున్నా.

కౌలు_కష్టాలు
ఏ కాలవండి? ఉప్పుటేరు వైపు పోయే డ్రైనేనా? ఆ డ్రైన్లోంచే కింద నేను మోటారుతో తోడుకుంటాను. మీ తెట్టంతా నా చెరువులోకి వస్తుంది.

పాత_తూము
అందుకే గట్టు మీదికి ఎత్తమన్నా. వదిలితే పోయేది పక్కవాడి దగ్గరికే.

మందుల_కొట్టు_మామ
అప్పుడు ఆయన నా కొట్టుకి వస్తాడు. నాకేం నష్టం లేదు.

గట్టుమీద_గొడుగు
మామా, మీరు కాసేపు ఆగండి. కౌలు గారూ, తెట్టు ముందు ఎత్తించేస్తాను. ఆ తర్వాత కూడా కొంత నీళ్లు వదలక తప్పదు, వానలు వచ్చేదాకా ఆగలేను.

కౌలు_కష్టాలు
వదలండి, వద్దనను. తూము ఎత్తే ముందు రాత్రే ఒక మాట చెప్తే రెండ్రోజులు మోటారు ఆపుకుంటాను. నంబరు ఇన్‌బాక్స్‌లో పెట్టాను.